ఆట మూసేస్తే మూసేయండి, తాళంచెవులు మాత్రం ఇచ్చి వెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ ఆటల మీద మీ లేఖల పేజీలో కొన్ని వారాలుగా వస్తున్నవన్నీ చదివాను. రాసినవాళ్లలో తల్లిదండ్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఒక కంటి డాక్టరు గారున్నారు. ఆడినవాళ్లు మాత్రం ఒక్కరూ కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం. నాకు 43 ఏళ్లు, లెక్కలు చూసే ఉద్యోగం. అందులో పదేళ్లకు పైగా నా సాయంత్రాలు ఒకే ఆన్‌లైన్ ఆటలో గడిచాయి. ఆ ఆట ఇప్పుడు లేదు. నేను ఆడటం మానేశానని కాదు, అసలు ఆటే లేదు. ఎవరు ఎంత డబ్బు పెట్టినా దాన్ని మళ్లీ తెరవలేరు. పిల్లల చదువుల గురించి, నిద్ర గురించి రాయాల్సినవాళ్లు రాశారు. ఈ మాయమైపోవడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ ఆట పేరు, కంపెనీ పేరు చెప్పను. ఒక్క కంపెనీ చేసిన తప్పయితే పేరు పెట్టే అడిగేదాన్ని. ఇది ఆ వ్యాపారమంతటా పాతుకుపోయిన అలవాటు.

నేను మొట్టమొదట ఆడింది కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే వేరే ఆటలో మార్పులు చేసి, 1999లో దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మరుసటి ఏడాది వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని అమ్మకానికి తెచ్చింది. అన్నయ్య, వాడి స్నేహితులు ఒకే గదిలో ఐదారు కంప్యూటర్లు వైర్లతో కలిపి ఆడుతుంటే నేను వెనక నిలబడి చూసేదాన్ని. ఎవడైనా లేచి బయటికి వెళ్తే ఆ కుర్చీ నాది. వాడు తిరిగొచ్చేలోపు రెండు రౌండ్లు దొరికితే ఆ రోజుకు పండగే. అప్పట్లో సర్వర్, అంటే అందరినీ కలిపి ఆట నడిపే కంప్యూటర్, ఎక్కడో ఉండేది కాదు. అన్నయ్య కంప్యూటరే సర్వర్. సర్వర్ నడిపే ప్రోగ్రాం కూడా ఆటతో పాటే వచ్చేది. వాడు అలిగి ఆపేస్తే ఇంకొకడు తన కంప్యూటర్లో మొదలుపెట్టేవాడు, ఐదు నిమిషాల్లో మళ్లీ అందరం అందులో ఉండేవాళ్లం. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత నాకు దొరికింది వేలమంది ఒకేసారి తిరిగే పెద్ద లోకం లాంటి ఆట. ఈ తరహా ఆటలు నిన్నమొన్నటివి కావు. 1978లోనే ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ బొమ్మలేమీ లేకుండా ఒట్టి అక్షరాలతో ఇలాంటి లోకాన్ని కట్టారు. ఇలాంటి ఆటల్లోకి వచ్చేవాళ్లు నాలుగు రకాలని బార్టిలే తర్వాత తేల్చాడు: గెలుపుల కోసం వచ్చేవాళ్లు, మూలమూలలా తిరిగి చూడటానికి వచ్చేవాళ్లు, మనుషుల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ణి పడగొట్టడానికే వచ్చేవాళ్లు. నేను మూడో రకం. అందుకే హీలర్‌ని అయ్యాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్యాంక్ అంటే డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు తినేవాడు. హీలర్ అంటే వెనక నిలబడి అతని ప్రాణం నిలబెట్టేది. నా కంప్యూటర్ నుంచి సర్వర్‌కి మాట వెళ్లి, జవాబు రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 10,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌కి పోయి రావడానికి కాంతికే సెకనులో పదో వంతు పడుతుంది. తీగ తిన్నగా ఉండదు, మధ్యలో ఎన్నో మజిలీలు, కాబట్టి నా పింగ్ 280 మిల్లీసెకన్ల దగ్గర ఉండేది. దెబ్బ పడటం చూసి మంత్రం వేస్తే ఆలస్యమే, నా మంత్రం చేరేసరికి ట్యాంక్ నేల మీద పడి ఉండేవాడు. అలా ఎన్నిసార్లు వైప్ అయ్యామో, అంటే జట్టంతా చచ్చిపడ్డామో, లెక్కలేదు. చివరికి నేను ట్యాంక్‌ని చూడటం మానేసి రాక్షసుణ్ణి చూడటం మొదలుపెట్టాను. వాడు పెద్ద దెబ్బ కొట్టేముందు కుడి భుజం ఒక్క రవ్వ పైకి లేచేది, మెడ కొంచెం వెనక్కి పోయేది. ఆ భుజం కదలగానే నేను మీట నొక్కేదాన్ని, ఇంకా పడని దెబ్బకు మందు అన్నమాట. గొడ్డలి దిగిన క్షణానికే ప్రాణం గీత మళ్లీ నిండేది. అవతలివాళ్లకు అదంతా నా అదృష్టంలా కనపడేది. భూమి ఎంత పెద్దదో నేను బడిలో కంటే అక్కడే బాగా తెలుసుకున్నాను.

మా ట్యాంక్ లిఫ్టులు బాగుచేసే మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఇంకో ఖండం. ఆయన అసలు పేరు, ఏ దేశమో నాకు తెలుసు, అవి ఆయన నన్ను నమ్మి చెప్పినవి కాబట్టి ఇక్కడ రాయను. పోరుకీ పోరుకీ మధ్య అందరూ కూర్చుని ఊపిరి పీల్చుకునే రెండు నిమిషాల్లో లిఫ్టుల కబుర్లు చెప్పేవాడు. లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదు, చాలా తాళ్లుంటాయి, ఒకటి తెగినా మిగతావి మోస్తాయి, వేగం మితిమీరితే అడుగున ఉన్న బ్రేకు పట్టాలను కరిచి పట్టుకుంటుంది. సగం భయాలు సినిమాలు నేర్పినవే అనేవాడు. కుదుపు వస్తే తాళ్లను అనుమానించకు, పట్టాల మీద జారే ముక్క అరిగి ఉంటుంది అనేవాడు.

నేను మొదటి ఏడాదంతా మైక్ ఆన్ చేయలేదు. ఎందుకో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. ముక్కూమొహం తెలియని నలుగురితో జట్టుకట్టే వేరే ఆటల్లో నా గొంతు వినగానే ఏం జరిగేదో చూశాను. ఒకడు వెక్కిరింపుగా అదే మాట తిరిగి అనేవాడు, ఇంకొకడు వయసు అడిగేవాడు, మూడోవాడు రాయలేని మాటలు అనేవాడు. కాబట్టి గిల్డ్‌లో, అంటే మా ఆటలోని మా సొంత జట్టులో కూడా, నేను టైప్ చేసేదాన్నే తప్ప మాట్లాడేదాన్ని కాదు. ఒక రాత్రి మేం ఇరవై మందిమి ఒకే రాక్షసుడి దగ్గర వరసగా ఓడిపోతున్నాం. భుజం సంగతి నాకొక్కదానికే తెలుసు. టైప్ చేసేంత వ్యవధి లేదు. తొమ్మిదోసారో పదోసారో, ఆలోచించకుండానే మైక్ మీట నొక్కి "ఇప్పుడు!" అని అరిచాను. ట్యాంక్ డాలెత్తాడు. దెబ్బ దాని మీద పడి జారిపోయింది. ఆ తర్వాత ఒక్క క్షణం హెడ్‌సెట్‌లో ఎవరి గొంతూ లేదు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. అప్పుడు ఆయన అన్నాడు: "బాగుంది. మళ్లీ చెప్పు, నువ్వు చెప్పినప్పుడే ఎత్తుతాను." అంతే. వయసు అడగలేదు, ఎవరివని అడగలేదు. ఆ రోజు నుంచి ఇరవై మందికీ సమయం చెప్పేది నేనే.

ఆఫీసులో మీటింగుల్లో నోరు విప్పడం నాకు ఆ తర్వాతే వచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఇవన్నీ ఉత్త బొమ్మలు కదమ్మా అని మీ పాఠకులొకరు రాశారు. బొమ్మలే. కానీ 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇలాంటి ఆటలోనే ఏం జరిగిందో చూడండి. ఒక్క పోరు జరిగే చోట మాత్రమే ఉండాల్సిన అంటురోగం లాంటి మంత్రం, ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా పొరపాటున ఊళ్లలోకి పాకింది. చిన్న లెవెల్ వాళ్లు అంటుకున్న క్షణాల్లో పోయేవారు. కొందరు ఊరు వదిలి పారిపోయారు, కొందరు కావాలని అంటించారు, హీలర్లు వీధుల్లో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకు వైద్యం చేశారు. చివరికి కంపెనీ సర్వర్లను మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అంటువ్యాధుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు దాని గురించి వైద్య పత్రికలో రాశారు. మనిషి ఆపదలో ఎలా ఉంటాడో అక్కడా అలాగే ఉన్నాడు. నేనప్పుడు అక్కడ లేను. కానీ ఆ వీధుల్లో నిలబడ్డ హీలర్ల గురించి చదివినప్పుడల్లా వాళ్లు నావాళ్లనే అనిపిస్తుంది.

ఇక నా ఆట మూసివేత.

మధ్యలో దాదాపు రెండేళ్లు నేను అటు వెళ్లలేదు. అమ్మ జబ్బు, ఆ తర్వాత కొత్త ఉద్యోగం. కంపెనీ పంపిన నోటీసు నేను ఎప్పుడో వదిలేసిన ఈమెయిల్‌కి పోయింది. పాత గిల్డ్ అమ్మాయి ఒకతె వెతికి పట్టుకుని చెబితే తెలిసింది, అప్పటికి తొమ్మిది రోజులే మిగిలాయి. లాగిన్ అయ్యాను. స్నేహితుల జాబితాలో ట్యాంక్ పేరు బూడిద రంగులో ఉంది. చివరిగా వచ్చి నాలుగు నెలలు. ఫోన్ నంబర్లు మార్చుకునే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఎందుకు మార్చుకుంటాం? రోజూ ఒకే చోట కలిసేవాళ్లం కదా.

చివరి రాత్రి ఆటలోని పెద్ద ఊరి చౌరస్తాకు అందరూ చేరారు. ఏళ్ల తరబడి కనపడితే కత్తి దూసుకున్న అవతలి పక్షంవాళ్లు కూడా వచ్చి మా పక్కనే మెట్ల మీద కూర్చున్నారు. ఎవరో బాణసంచా కాలుస్తున్నారు. నేను అక్కడ ఉండలేక మేం అన్నిసార్లు ఓడిన గుహ ముందుకు వెళ్లాను. అక్కడ ఇంకో నలుగురున్నారు, ఎవరో నాకు తెలియదు, వాళ్లూ ఇలాగే వచ్చి ఉంటారు. తెర మీద పైన ఎర్ర అక్షరాలు: 15 నిమిషాలు. 5 నిమిషాలు. 1 నిమిషం. ఆ నలుగురిలో ఒకతను గుహ వైపు పరుగెత్తుతున్నాడు. సమయం అయిపోయింది. అయినా తెర ఆగలేదు. ఆ అబ్బాయి కాళ్లు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి, కానీ మనిషి ఉన్నచోటే ఉన్నాడు. నేను మాత్రం నడవగలిగాను. గడ్డి ఊగుతోంది, నా అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అతని పక్కగా నడిచి వెళ్లి చెయ్యి ఊపాను. ఓ పదిహేను సెకన్లు అలా ఆ చచ్చిపోయిన లోకంలో నేనొక్కదాన్నే నడిచాను. తర్వాత "సర్వర్‌తో సంబంధం తెగిపోయింది" అని ఒక చిన్న పెట్టె వచ్చింది.

అలా ఎందుకైందో చెబితే అసలు సమస్య అర్థమవుతుంది. మన కంప్యూటర్లో ఉండేది బొమ్మలు, శబ్దాలు, మన అడుగు ఎక్కడ పడుతుందో ముందే ఊహించే లెక్క, అంతే. మన చేతిలో ఏముంది, ఎదుటివాడు ఎక్కడున్నాడు, ఎవరు బతికున్నారు అన్న నిజమంతా సర్వర్‌లో ఉంటుంది. అది ఆగితే నేను డబ్బిచ్చి కొన్న డిస్క్ బీరువాలో ఉన్నా పనికిరాదు. 2010 ఏప్రిల్‌లో మొదటి ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టెకి ఆన్‌లైన్ సేవ ఆపేసినప్పుడు, హాలో 2 ఆడేవాళ్లు కొందరు తమ పెట్టెలను ఆపకుండా వారాలపాటు అలాగే ఉంచారు. ఒక్కసారి ఆపితే మళ్లీ లోపలికి రాలేరు. కరెంటు పోయి కొందరు, పెట్టె వేడెక్కి కొందరు ఒక్కొక్కరే రాలిపోగా, చివరి మనిషి మే నెలలో బయటపడ్డాడు. ఆ మనిషి చివరి రాత్రి ఎలా గడిచి ఉంటుందో నేను ఊహించగలను.

సర్వర్ నడపడానికి ఖర్చవుతుందని నాకు తెలుసు. లెక్కలు చూసేదాన్ని, ఆమాత్రం అర్థమవుతుంది. ఎప్పటికీ నడపమని ఎవరూ అడగడం లేదు. అన్నయ్య గదిలో జరిగినట్టు, మీరు ఆపేసిన రోజు ఇంకొకరు తమ కంప్యూటర్లో మొదలుపెట్టుకునే వీలు ఇవ్వండి అంటున్నాం. ఇది జరగని పని కాదు. ఇడ్ సాఫ్ట్‌వేర్ 1996లో తెచ్చిన క్వేక్ ఆట మూల ప్రోగ్రాంను 1999లో అందరికీ ఇచ్చేసింది, దాన్ని జనం ఈ రోజుకీ ఆడుతున్నారు. సిటీ ఆఫ్ హీరోస్‌ని 2012 నవంబరు 30న మూసేస్తే, అభిమానులు సొంతంగా సర్వర్ పెట్టుకున్నారు. 2024 జనవరిలో అసలు హక్కుదారు కంపెనీయే వాళ్లకు లైసెన్సు ఇచ్చింది. రూన్‌స్కేప్ వాళ్లు 2007 ఆగస్టు నాటి పాత కాపీని వెతికి తీసి 2013లో మళ్లీ తెరిచారు. అది ఈనాటికీ నడుస్తోంది. పాతది చూడటానికి జనం రారు అనే మాట ఇక చెల్లదు.

దీనికి విరుద్ధంగా జరిగినదీ చెప్పాలి. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటను ఒంటరిగా ఆడుకున్నా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే ఆయన ఆటలను చంపొద్దంటూ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో ఆ విన్నపానికి 2025 జులై నాటికి 10 లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, వెనక్కి తీసేసుకునే వీలున్న డిజిటల్ సరుకును అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని అమ్మకూడదని చట్టం వచ్చింది. ఇది మంచిదే, కానీ నాకు చాలదు. అద్దె ఇల్లని ముందే చెప్పినంత మాత్రాన, ఖాళీ చేయించేటప్పుడు నా సామాను కాల్చే హక్కు యజమానికి రాదు కదా.

కంపెనీలు చెప్పే సాకులు విన్నాను. సర్వర్ ప్రోగ్రాంలో వేరేవాళ్ల దగ్గర కొన్న ముక్కలుంటాయి, అవి పంచలేం అంటారు. పదేళ్ల తర్వాత చివరి నెలలో ఆలోచిస్తే కష్టమే. ఆట కట్టే మొదటి రోజే ముగింపును కూడా లెక్కలో పెట్టుకుంటే కష్టం కాదు. ఇల్లు కట్టేవాడు మెట్లు చివర్లో ఆలోచించడు.

పిల్లల విషయంలో మీ పాఠకులతో ఒక్క మాట కలుపుతాను. ఏమొస్తుందో తెలియని పెట్టెలను ఆటల్లో పిల్లలకు డబ్బుకు అమ్మడం జూదమే. బెల్జియం 2018లో ఆ మాటే తేల్చి చెప్పింది, సరైన పని చేసింది. తిట్లు పోసేవాళ్లను ఆటలోంచి గెంటేయడంలో కూడా కంపెనీలు ఇంకా చాలా కఠినంగా ఉండాలి. అయితే అమ్మాయి గంటల తరబడి ఒకే ఆటలో ఉంటోందని తిట్టే ముందు, అక్కడ ఎవరున్నారని ఒక్కసారి అడగండి. పేర్లు చెప్పించుకోండి. దొరికితే ఒక ఫోన్ నంబరు కూడా తీసుకోమనండి.

మిమ్మల్ని నేను కోరేది చిన్నది. మీ సాంకేతిక పేజీలో కొత్త ఆట గురించి రాసిన ప్రతిసారీ బొమ్మలెలా ఉన్నాయో, ఎంత మెమరీ కావాలో రాస్తున్నారు. దాని కింద ఇంకొక్క వరుస చేర్చండి: సర్వర్ ఆగిపోతే ఈ ఆట ఏమవుతుంది? కంపెనీ జవాబివ్వకపోతే, జవాబివ్వలేదని వేయండి. కొనేవాళ్లకు ఆ ఒక్క వరుస చాలు.

ఆ తొమ్మిది రోజుల్లో మూడో రోజున, ఆటలోని టపాపెట్టెలో మా ట్యాంక్‌కి ఒక జాబు వేశాను. నేను చేరిన కొత్తలో ఆయన నాకిచ్చిన చేతికర్రను దానికి జతచేశాను. 30 రోజుల్లో తెరవకపోతే జాబు పంపినవాళ్లకే తిరిగి వచ్చేస్తుంది, అది అక్కడి నియమం. ఆరు రోజులకే సర్వర్ ఆగిపోయింది. ఆయన చదివాడో లేదో నాకిక ఎప్పటికీ తెలియదు. అందులో రాసింది ఇంతే: "ఇవాళ మా ఆఫీసు లిఫ్టు మూడో అంతస్తు దగ్గర కుదుపిచ్చింది. లోపల అందరూ హడలిపోయారు. తాళ్లు కాదు, పట్టాల మీద జారే ముక్క అరిగి ఉంటుందని నేను చెప్పాను. మెకానిక్ వచ్చి చూసి, అదేనన్నాడు."

ఇట్లు,
మీ పాఠకురాలు